మంచినీళ్ల పైపు

ఆ చలికాలం నా ఉద్యోగం చచ్చినవాటిని లాక్కురావడం. పడవలో నాతో పనిచేసే కుర్రాడు టరెల్, వాడు ఇంజను దగ్గర కూర్చుంటే నేను తాడు పట్టుకునేదాన్ని. మడచెట్ల వేళ్లలో ఇరుక్కున్నవి, వంతెన స్తంభాలకు ఆనుకుని ఉబ్బిపోయినవి, ఎక్కడుంటే అక్కడికి వెళ్లి, వెడల్పాటి తోకకు ముడివేసి రేవుదాకా ఈడ్చుకొచ్చేవాళ్లం. అక్కడ డాక్టర్ మారిబెల్ కత్తులు కడిగిపెట్టుకుని ఎదురుచూస్తుండేది. కొలవడం, కోయడం, కడుపులో ఏముందో చూడడం ఆవిడ పని. కడుపులో ఏమీ ఉండేది కాదు. కాస్త ఇసక, కాస్త నాచు, ఒక్కోసారి ప్లాస్టిక్ సంచి ముక్క. పీపాలా గుండ్రంగా ఉండాల్సిన మనాటీలు చర్మం మడతలు పడి, మెడ దగ్గర గుంటలు పడి వచ్చేవి.

మనాటీ అంటే నీళ్లలో బతికే ఆవు అనుకోండి. గడ్డి తప్ప దానికి మరోటి తెలీదు, ఒకరి జోలికి పోవడం అసలే తెలీదు. మా ఉప్పుటేట్లో ఆ గడ్డి పోయింది. వేసవులు ఏటికేడు ముదిరాయి. తుఫాను వచ్చిన ప్రతిసారీ పెరళ్లలోని మురుగు తొట్లు పొంగి ఏట్లో కలిశాయి. నీళ్లు పచ్చగా చిక్కబడి, ఎండ అడుక్కి దిగడం మానేసింది. అడుగున తివాచీలా ఉండే గడ్డి ముందు పలచబడి, తర్వాత మచ్చలు మచ్చలుగా మిగిలి, చివరికి ఒట్టి ఇసక తేలింది. గడ్డితోపాటు పీతలూ పోయాయి. పీతలు పోయాక నేను పనిచేసే పీతల షెడ్డుకు తాళం పడింది. నా కూడు పోగొట్టిన గడ్డే నాకీ ఈడ్చే ఉద్యోగం ఇప్పించింది.

"వాకిట్లోనే ఆగు," అనేవాడు నాన్న, నేను పనినుంచి రాగానే. "ఆ కంపుతో లోపలికి రాకు. అన్నం తినే ఇల్లిది."

నేను బయట కుళాయి దగ్గర నిమ్మచెక్కలతో మోచేతులదాకా రుద్దుకునేదాన్ని. ఆయన తలుపు చట్రంలో నిలబడి చూసేవాడు.

"ఇవాళ ఎన్నింటిని?"

"లెక్కపెట్టలేదు."

"పెట్టకపోతే నీకు కూలెలా ఇస్తారే?" అని నవ్వేవాడు.

మా నాన్న హాలిస్ జీవితమంతా ఈ ఏట్లో పీతల బోనులు వేసిన మనిషి. మెత్తగా మాట్లాడడం ఆయనకు చేతకాదు. ఇంట్లో ఆ పని అమ్మ చూసుకునేది. ఆ చలికాలానికి ముందు వేసవిలో అమ్మ పోయింది. ఇక మిగిలిన ఇద్దరికీ ఒకటే నోరు, ఆయన నోరే నాకొచ్చింది. సాయంత్రం పూట మొక్కజొన్న జావ, వేయించిన చేప ముందు పెట్టుకుని ఒకరినొకరం కోసుకునేవాళ్లం. అమ్మ ఉంటే మధ్యలో ఊరగాయ జాడీ జరిపినట్టు జరిపి ఏదో మాట వేసేది. ఇప్పుడు ఆ జరిపే చెయ్యి లేదు.

అమ్మ పేరు వెర్డీ. ఆవిడకు మా ఇంటి వెనక కాలువలో ఒక చెలికత్తె ఉండేది. పేరు మేబెల్, ఆ పేరు కూడా అమ్మే పెట్టింది. వీపు మీద పడవ ఇంజను రెక్కలు గీసిన గాట్లు వరసగా నిచ్చెన మెట్లలా ఉండేవి, ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. సాయంత్రం కాఫీ అవగానే అమ్మ చెక్కల రేవు మీద కూర్చుని మొక్కలకు పెట్టే నీళ్ల పైపును కాలువలోకి జారవిడిచేది. ఉప్పునీళ్లలో బతికే జీవికి మంచినీళ్లంటే ప్రాణం. మేబెల్ వెల్లకిలా తిరిగి, రెండు చిన్న చేతులతో పైపు పట్టుకుని, మీసాల మూతి తెరిచి, కళ్లు మూసుకుని తాగేది. అమ్మ దానితో ఊళ్లో కబుర్లన్నీ చెప్పేది.

అది నేరం. మనాటీకి తిండి పెట్టినా నీళ్లు పట్టినా జరిమానా అని ప్రతి రేవు దగ్గరా బోర్డు ఉంది. ఊళ్లో అందరికీ తెలుసు, అందరి రేవుల మీదా పైపు ఉంది. పక్కింటి మిసెస్ పులియం అయితే గేటు దగ్గర ఉత్తరాల డబ్బానే మనాటీ ఆకారంలో చేయించి పెట్టుకుంది. మేం మనాటీలను ప్రేమించేవాళ్లం, అందులో అబద్ధం లేదు. గట్టు మీద పచ్చగడ్డి కోసం ఎరువు బస్తాలు చల్లి, వాన వచ్చి అదంతా కాలువలోకి కొట్టుకుపోతే మళ్లీ చల్లి, సాయంత్రం పైపు పట్టుకుని వాటిని ముద్దుగా పిలిచేవాళ్లం. మా నాన్న పచ్చిక ఆ వీధికే అందం. గట్టు పైన అంత గడ్డి, గట్టు కింద ఒక్క పోచ లేదు. ఈ మాట నేనోసారి ఆయనతో అన్నాను. "కోసి పెడతాను, నీ శవాలకు తినిపించుకో," అన్నాడు.

అమ్మ పోయాక పైపు నాన్న చేతికొచ్చింది. ఆయన కబుర్లు చెప్పడు. పైపు పట్టుకుని ఊరికే కూర్చుంటాడు. మేబెల్ వెంట అప్పటికి ఒక దూడ తిరుగుతోంది, పాలు మానే వయసుది. తల్లి తాగినంతసేపూ పక్కన తేలుతూ, తల్లి వదలగానే తను వెల్లకిలా తిరిగేది. చూసి నేర్చుకుంది.

చలి మొదలవగానే ఏట్లోని మనాటీలన్నీ కరెంటు ప్లాంటు దగ్గరికి చేరతాయి. అక్కడ వదిలే వేడినీళ్లే వాటికి దిక్కు. మేబెల్ ఏటా వెళ్లేది. ఆ ఏడు వెళ్లలేదు.

"నాన్నా, నీళ్లు కట్టెయ్," అన్నాను ఒక సాయంత్రం రేవు మీదికి వెళ్లి.

"మీ అమ్మకెప్పుడైనా చెప్పావా కట్టెయ్యమని?"

"అమ్మ ఎండాకాలంలో పట్టేది. ఇప్పుడు గాలి తిరిగింది. ఇదిక్కడ ఉండకూడదు. మిగతావన్నీ ప్లాంటు దగ్గరికి పోయాయి."

"పోయాయి. పోయి ఏం తింటున్నాయి?"

ప్లాంటు చుట్టూ మైళ్ల మేర గడ్డి లేదని నాకంటే తెలిసినవాళ్లు ఊళ్లో ఎవరున్నారు. వెచ్చగా ఉన్నచోట ఉంటే ఆకలి, గడ్డి వెతుక్కుంటూ పోతే చలి. ఆ రెంటి మధ్యే అవి చచ్చేవి.

"అక్కడికి పోయినవాటినే కదే నువ్వు తోక పట్టుకుని ఈడ్చుకొస్తున్నావు," అన్నాడు నాన్న, నావైపు చూడకుండానే. "ఇదొక్కటీ నీ తాడుకి అందలేదని బాధగా ఉన్నట్టుంది నీకు."

ఆ వారంలోనే టీవీలో చెప్పారు. ఎన్నడూ లేనిది, వన్యప్రాణి శాఖవాళ్లే ప్లాంటు దగ్గర మనాటీలకు లెట్యూస్ ఆకు వేయబోతున్నారట. జనం మాత్రం సొంతంగా వేయొద్దని, వేస్తే అవి వేడినీళ్లు వదిలి రేవుల చుట్టూ తిరుగుతాయని వెంటనే చెప్పారు. నాన్న మొదటి ముక్క విన్నాడు. రెండో ముక్క వచ్చేసరికి తాళం చెవులు తీసుకుని ట్రక్కు దగ్గర ఉన్నాడు.

కూరల మార్కెట్ వెనక పారబోసే పెట్టెలు తెచ్చాడు. అంచులు నల్లబడ్డ లెట్యూస్ కట్టలు, ఒక్కో కట్టకూ నీలం రబ్బరు బ్యాండు. అమ్మ అయితే ఒక్కో బ్యాండూ విప్పి వంటింటి సొరుగులో వేసేది. ఆ సొరుగు నిండా అవే, ఏ పనికీ వాడకుండా దాచినవి. నాన్న వేళ్లు బోనుల తాళ్లకు ముడులు పడి బిగుసుకుపోయాయి. పంటితో ఒకటి రెండు లాగి, విసుగొచ్చి కట్టలకు కట్టలే కాలువలోకి విసిరాడు. మేబెల్ మూతితో పట్టుకుని నమిలింది. ఆ నమిలే చప్పుడుకు నాన్న మొహం విచ్చుకుంది. అమ్మ పోయాక ఆ మొహం నేను చూడడం అదే మొదలు.

"చూడు, ఎలా తింటోందో. ప్రభుత్వం పెడితే సాయం, హాలిస్ పెడితే నేరమా?"

"వాళ్లు వేడినీళ్ల దగ్గర పెడుతున్నారు నాన్నా. అదే తేడా."

"ఏడిశావు."

"రబ్బరు బ్యాండ్లన్నా తియ్యి."

"నువ్వొచ్చి తియ్యి. చేతులు ఖాళీగా ఉంటే."

నేను కూర్చుని తీశాను, ఆ సాయంత్రం. మర్నాటి నుంచి పనిలో పొద్దు తెలియలేదు, శవాలు అలా వచ్చాయి.

తర్వాత ఉత్తరపు గాలి వచ్చింది. మా ఊళ్లో చలంటే జనానికి సంబరం, పెట్టెల అడుగున దాచిన కోట్లు బయటికి వస్తాయి. మిసెస్ పులియం మందార మొక్కలకు దుప్పట్లు కప్పింది. ఉత్తరాల డబ్బా మనాటీకి ఎర్ర మఫ్లరు చుట్టి ఫోటో తీసి అందరికీ పంపింది. మా కాలువలో అసలు మనాటీ మసక నీళ్లలో కదలకుండా తేలుతోంది. ఊపిరికి పైకి రావడం, మళ్లీ దిగడం, అంతే.

మధ్యాహ్నం ఇంటికొచ్చి చూస్తే నాన్న వంటింట్లో నీళ్లు కాస్తున్నాడు. పొగలు కక్కే కెటిల్ పట్టుకుని రేవు చివరిదాకా వెళ్లి, వంగి, ఆ నీళ్లను కాలువలో పోశాడు. మళ్లీ వచ్చి మళ్లీ పెట్టాడు. అంత కాలువకు ఆ కెటిల్. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఆయన తిరిగి చూశాడు.

"నవ్వు. మీ అమ్మ కాళ్లకు వేడినీళ్ల సంచి పెట్టినప్పుడూ ఇలాగే నవ్వావా?"

నా నవ్వు అక్కడే ఆగింది. ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది, తీసేయడం రాలేదు.

గాలి తగ్గేసరికి మేబెల్ కనబడలేదు. "ప్లాంటుకి పోయింది. కడుపునిండా తిని పోయింది," అన్నాడు నాన్న. దూడ మాత్రం రేవు కింద తిరుగుతోంది. ఆయనకు అందులో వింతేమీ తోచలేదు, పైపు విప్పాడు.

మర్నాడు వంతెన అవతల మడచెట్లలో ఒకటుందని కబురొచ్చింది. టరెల్ పడవ నెమ్మదిగా పోనిచ్చాడు. చెట్ల నీడలో బోర్లా ఉంది. వీపు మీద నిచ్చెన మెట్లు.

"అక్కా, ఏమైంది? తాడు వెయ్యి," అన్నాడు టరెల్.

"వేస్తున్నా."

"తెలిసినదేనా ఇది?"

"మా అమ్మ స్నేహితురాలు," అన్నాను. అతను నా మొహం చూసి ఇంజను ఆపేశాడు. ముడి నేనే వేశాను. రేవుదాకా ఈడ్చుకొచ్చాం.

డాక్టర్ మారిబెల్ కడుపు కోసి, "ఇదేంటి?" అంది. ఆ చలికాలమంతా ఖాళీ కడుపులే చూసిన మాకు నిండు కడుపు. లెట్యూస్, ముద్దలు ముద్దలుగా, వేసినది వేసినట్టే ఉంది. మూతి చుట్టూ, చేతుల అంచున చర్మం తెల్లగా పాలిపోయి పుళ్లు పడింది.

"ఆకలితో పోలేదు. చలికి పోయింది," అంది మారిబెల్. "చలికి ముందు పేగులు ఆగిపోతాయి. ఎంత తిన్నా అరగదు. తిండి ముందున్నా ఆకలితోనే పోయినట్టు." ముద్దలోంచి చేతి తొడుగు వేళ్లతో ఒకటొకటిగా నీలం రబ్బరు బ్యాండ్లు తీసి పళ్లెంలో వేసింది. "ఎవరో పెడుతున్నారు. పెట్టి, ఇక్కడే ఉంచేసుకున్నారు. పాలున్నాయి దీనికి, అంటే దూడ ఉంది. అదెక్కడుందో తెలిస్తే బావుణ్ణు. ఎల్లుండికి ఇంకో చలిగాలి వస్తోంది, తల్లి లేకుండా అది తట్టుకోదు."

"మా ఇంటి వెనక ఉంది," అన్నాను.

మారిబెల్ కత్తి కింద పెట్టింది. టరెల్ నీళ్లకేసి చూశాడు. ఆవిడ వయసులో నాకంటే చాలా చిన్నది, ఏం అనాలో తెలియక, "మీ నాన్నగారా?" అని మాత్రం అడిగింది.

"ఆయనే."

"పడవలేసుకుని వస్తే బెదిరి ఏట్లోకి పోతుంది. పోతే మళ్లీ దొరకదు. గట్టు పక్కకు అదంతట అది రావాలి. ఎవరు పిలిస్తే వస్తుంది?"

"పైపు పట్టుకున్నవాళ్ల దగ్గరికి," అన్నాను. పళ్లెంలోంచి ఒక బ్యాండు తీసుకుని జేబులో వేసుకున్నాను. ఆవిడ చూసింది, ఊరుకుంది.

ఆ సాయంత్రం చేతులు రుద్దుకోకుండానే లోపలికి వెళ్లాను. నాన్న కంపు గురించి ఏదో అనబోయి నా మొహం చూసి ఆగాడు.

"మేబెల్ చచ్చిపోయింది," అన్నాను.

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. చాలాసేపు బల్ల మీద గుడ్డను చేత్తో సాపు చేశాడు.

"పోనీలే," అన్నాడు చివరికి. "మిగతావాటిలా ఆకలికి మాడి పోలేదు. కడుపునిండా తిని పోయింది. అదన్నా చేశాను."

ఆ మాట దగ్గర ఆపేయొచ్చు. అమ్మ ఉంటే ఆపేసేది. కానీ కాలువలో దూడ ఉంది, రేపోమాపో గాలి వస్తోంది. నేను బ్యాండును కడిగి, గుడ్డ మీద ఆయన చేతి పక్కన పెట్టాను.

"కడుపు నిండే ఉంది. ఒక్క ఆకు అరగలేదు. చలికి పోయింది నాన్నా. చలిలో ఎందుకుందంటే ఇక్కడ తిండి ఉంది గనక, నీళ్లున్నాయి గనక. మూతి చుట్టూ తెల్లగా పుళ్లున్నాయి."

"అవి ముసలితనం మచ్చలనుకున్నాను," అన్నాడు.

అంటే చూశాడు. నాకు ఒళ్లు మండింది, జాలీ వేసింది, ఏది ముందో చెప్పలేను.

"మీ డాక్టరు ఏదో ఒకటి చెప్తుంది. శవాల్ని కోసే దానికి బతికున్నవాటి సంగతేం తెలుస్తుంది?"

"దూడ కోసం రేపు వస్తున్నారు. నేనే రమ్మన్నాను."

అప్పుడు లేచాడు. లేచినవాడు నన్ను ఇంట్లోంచి పొమ్మంటాడనుకున్నాను. దానికి సిద్ధపడే వచ్చాను. ఆయన బ్యాండును గోళ్లతో కష్టపడి తీసుకుని, వంటింటి సొరుగు లాగి, అమ్మ దాచిన వాటిలో వేసి, సొరుగు మూశాడు. ఆ పూట చేప వేయించలేదు.

తెల్లారి వన్యప్రాణి శాఖ ట్రక్కులు వచ్చాయి. వలలు, స్ట్రెచర్, తడి దుప్పట్లు, నీళ్లలో దిగే బట్టలేసుకున్న మనుషులు. దూడ రేవు కింద లేదు. అంత అలికిడికి కాలువ మలుపు దాకా జారుకుని మీసాలు మాత్రం పైకి పెట్టింది. మిసెస్ పులియం కాఫీ కప్పుతో కంచె దగ్గరికి వచ్చి ఫోన్ పైకెత్తింది.

మారిబెల్ నాన్న దగ్గరికి వెళ్లింది. "అయ్యా, మీరొకసారి పైపు పట్టుకుంటే..."

"నేరం కదమ్మా అది."

"ఇవాళ్టికి కాదండి."

"నిన్నటిదాకా నేరం. ఇవాళ నా చేత్తోనే పట్టించాలి దాన్ని."

నేను వెళ్లి, "పోనీ నేను పడతాను నాన్నా," అన్నాను.

"నీ దగ్గరికెందుకొస్తుందే? నీ ఒళ్లంతా దాని తల్లి వాసన." ఆయన కుళాయి తిప్పాడు.

వల గట్టు వెంబడి నీళ్లలో పరిచి ఉంది. నాన్న రేవు అంచున మోకాళ్ల మీద కూర్చున్నాడు, ఆ మోకాళ్లు వంగడం నేనెప్పుడు చూశానో గుర్తులేదు. పైపు జారవిడిచాడు. మంచినీళ్లు కాలువ మీద గలగలమన్నాయి. ఎవరూ కదలలేదు. మలుపు దగ్గర మీసాలు మునిగాయి.

"రావే," అన్నాడు నాన్న. ఆయన దానితో మాట్లాడడం అదే మొదటిసారి. "రావే తల్లీ. వెర్డీ వచ్చింది, రా."

అది వచ్చింది. తల్లిలాగే వెల్లకిలా తిరిగి, రెండు చేతులతో పైపు పట్టుకుని, కళ్లు మూసుకుంది. నాన్న దాన్ని కాసేపు తాగనిచ్చాడు. మారిబెల్ ఆయన వైపు చూస్తూ ఆగింది. ఆయన తల ఊపాడు. వల లేచింది.

మనాటీ అరుస్తుందని చాలామందికి తెలీదు. సన్నగా, చక్రం కీచుమన్నట్టు అరుస్తుంది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి మా పచ్చిక మీదుగా మోసుకుపోతున్నంతసేపూ అరిచింది. కంచె అవతల మిసెస్ పులియం చప్పట్లు కొట్టింది. "హాలిస్ గారూ, మీరు దేవుడండీ, దాని ప్రాణం కాపాడారు," అంది. నాన్న ఆవిడకేసి ఒకసారి చూసి, పైపు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. నీళ్లు ఆయన చెప్పుల మీద పడి గడ్డిలోకి పారుతున్నాయి. నేనే వెళ్లి కుళాయి కట్టేశాను.

జరిమానా వేయలేదు. మారిబెల్ ఏదో చెప్పి ఉంటుంది. దూడను మూడు గంటల దూరంలో ఉన్న ఆసుపత్రి తొట్టెకు తీసుకెళ్లారు. చూడ్డానికి వెళ్తానని నాన్న చొక్కా తొడుక్కుంటే మారిబెల్ ఫోన్‌లో మెల్లిగా చెప్పింది: అది మనుషుల దగ్గరికి రావడం మానాలి. మనిషిని చూస్తే పారిపోయే రోజు వస్తేనే ఏట్లో వదులుతారు. లేకపోతే మళ్లీ ఏదో రేవు, ఏదో పడవ. అందరికంటే ముందు అది మరిచిపోవాల్సింది ఆయన్నే. నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

అప్పటినుంచి ఆయనకు ఒకటే ప్రశ్న. నేను పనినుంచి రాగానే వాకిట్లో ఆపేవాడు, కంపు గురించి కాదు.

"మరిచిపోయిందా?"

"ఇంకా లేదట. తొట్టె కడగడానికి పైపు తెస్తే చాలు, వచ్చి వెల్లకిలా తిరుగుతోందట."

మొదట్లో ఆ మాటకు ఆయన పెదవి చివర సంతోషం కనబడేది. "వెర్డీ నేర్పింది కదే. ఊరికే పోతుందా?" అనేవాడు. తర్వాత్తర్వాత ఆ సంతోషం తగ్గింది. వసంతం వచ్చేసరికి ఆ ప్రశ్న అడిగేటప్పుడు నా మొహం చూడడం మానేశాడు. పచ్చికకు ఎరువు వేయడం కూడా మానేశాడు. ఎందుకని నేను అడగలేదు. గడ్డి పసుపు తిరిగి, తర్వాత మట్టి కనబడింది. మిసెస్ పులియం కంచె మీదుగా, "ఇల్లు చూస్తే చచ్చినట్టుందండీ," అంది. "ఉండనివ్వమ్మా," అన్నాడు.

ఎండలు ముదిరాక మారిబెల్ ఫోన్ చేసింది. నేను పీతల షెడ్డు ముందు ఉన్నాను, దాన్ని కూల్చేస్తుంటే చూస్తున్నాను. దూడ చనిపోయింది. చలి పేగులను ముందే తినేసిందట, బయటికి కనబడలేదట. చివరిదాకా పైపు దగ్గరికి వచ్చేదట. ఆవిడ ఏడుస్తోంది. నేను ఏడవలేదు. ఆ ఏడాది నాలో ఏడుపు అయిపోయింది.

నాన్న వాకిట్లో ఉన్నాడు. నా నోటికి నిజం తప్ప మరోటి రాదని ఆయనకు తెలుసు. ఎంత కోసే నిజమైనా సరే, ఆయన నుంచే నాకొచ్చిన గుణం.

"మరిచిపోయిందా?"

"మరిచిపోయింది," అన్నాను. "వదిలేశారు నాన్నా. ఏటికి ఉత్తరాన, కాస్త గడ్డి మిగిలినచోట."

"పూర్తిగా మరిచిపోయిందా?"

"మనిషిని చూస్తే మునిగిపోతోందట."

ఆయన తలుపు చట్రం పట్టుకున్నాడు. "మంచిది," అన్నాడు. లోపలికి వెళ్లాక ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత రేవు మీది పైపును ఊడదీసి, చుట్టి, మా ఇంటి వెనక షెడ్డులో పైన పడేశాడు.

ఇప్పుడు ఆయన రోజూ సాయంత్రం రేవు మీద ఒట్టి చేతులతో కూర్చుంటాడు. ఎంత చిన్న అల లేచినా మెడ చాపి చూస్తాడు. చీకటిపడే ముందు లోపలికొచ్చి, చేతులు కడుక్కుని, నా ఎదురుగా కూర్చుంటాడు. మేం ఒకరినొకరం కోసుకోవడం మానేశాం.

"ఇవాళ కూడా రాలేదు," అంటాడు, కాస్త గర్వంగానే.

"మంచిదే కదా నాన్నా," అంటాను.